పన్నకోటలో గుర్రపు డెక్క

నేను చెప్పిన అబద్ధాలన్నిట్లోకీ మళ్ళీ నా గుమ్మానికే తిరిగొచ్చింది ఒక్కటే. మిగతావి విన్నవాళ్ళు నవ్వేసి మర్చిపోయారు. ఇది మాత్రం మెట్లెక్కి మేడ మీద కాపురం పెట్టింది.

ఫిల్మ్‌నగర్‌లో నేను కిరాయికి ఉండే ఇల్లు రెండంతస్తులది. కింద నేను, పైన ఇంటివాళ్ళు. వాళ్ళు భార్యాభర్తలిద్దరే. ఆయన విష్ణాలయంలో అర్చకత్వం చేసి, మోకాళ్ళు మొరాయించాక మానుకున్న మనిషి. ఈ చోటంతా రాళ్ళగుట్టగా ఉన్న రోజుల్లో, ఇక్కడికి సినిమావాళ్ళు వస్తారని ఆ రాళ్ళకే తెలియనప్పుడు, స్థలం కొన్నారట. వీధిలో అందరికీ ఆయన అయ్యగారు. ఆవిణ్ణి నేను అమ్మా అంటాను. ఆవిడ నన్ను బిడ్డా అంటుంది, కోపమొస్తే గోదారి బిడ్డా అంటుంది. మాది రాజమండ్రి పక్కన.

నా పని డబ్బింగు. తెరమీద కోడలి మీద విరుచుకుపడే అత్తల్లో సగంమంది నా గొంతుతోనే విరుచుకుపడతారు. పొద్దంతా ఇంకొకళ్ళ నోట్లో ఇంకొకళ్ళు రాసిన మాటలు పెట్టి ఇంటికొచ్చేసరికి, నా నోటికి సొంతంగా ఏదైనా చెయ్యాలనిపించేది. సాయంత్రాలు మేడ మీద వరండాలో కూర్చుని అయ్యగారికి, అమ్మకి స్టూడియో కబుర్లు చెప్పేదాన్ని. ముహూర్తాల సీజన్లో మా వీధిలో కార్ల చక్రాల కింద నలిగిన నిమ్మకాయల రసం నాకి, కుక్కలకి పళ్ళు పులిసి నాలుగు రోజులు మొరగడం మానేశాయని చెప్పాను. అమ్మ నవ్వింది. అయ్యగారు కళ్ళు మూసుకుని 'ఊఁ' అన్నారు. ఆయన నవ్వడు. అది నాకు పెద్ద లోటుగా ఉండేది. ఆయన్ని నవ్వించాలని మోతాదు పెంచుతూ పోయాను.

అలా పెంచుతూ పెంచుతూ ఒక వానాకాలం సాయంత్రం గుర్రాల దాకా వెళ్ళాను.

"జానపద సినిమా కోసం ఆరు తెల్లగుర్రాల్ని తెచ్చారండీ. సినిమా పోయింది. గుర్రాల్ని ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు," అన్నాను.

"మరేం చేసిండ్రు పాపం?" అంది అమ్మ.

"ఏం చేస్తారమ్మా. డెక్కలు ఉడకబెట్టి జిగురు తీశారు. జూబ్లీహిల్స్‌లో సక్సెస్ మీట్ పెట్టారు చూడండి, అక్కడ గ్లాసుల్లో వణికే స్వీటొకటి వడ్డించారు. ఆ జిగురుతోనే."

"సినిమా పోయిందంటివి. మళ్ళ సక్సెస్ మీట్ ఏంది?"

"పోయిన సినిమాకే ముందు పెడతారమ్మా మా దగ్గర."

అక్కడితో ఆపొచ్చు. నేను ఆపే మనిషినైతే ఈ కథ ఉండేది కాదు. "అందుకే, గ్లాసు కదిపితే లోపల కదిలేది ఏదైనా సరే, అది ఏదో ఒక గుర్రమే," అని ముగించాను.

అయ్యగారు కళ్ళు తెరిచారు. "డెక్కలకు నాడాలు ఉంటయి గద. అవి తీసినంకనే ఉడకబెట్టిండ్రా?"

"తీశాకేనండీ. నాడాలు నిర్మాత తన గుమ్మానికి కొట్టుకున్నాడు."

"ఊఁ," అన్నారాయన, కళ్ళు మూసుకుని.

నేను మెట్లు దిగుతూ పొంగిపోయాను. ఆయన మొదటిసారి ప్రశ్న అడిగాడు. అంటే నమ్మాడు. ఇలాంటి వాటిలో సగం నిజం కలపడమే మెళుకువ. అలాంటి స్వీట్లలో కొన్నిటికి జంతువుల ఎముకల జిగురు వాడతారన్నది నిజమే. గుర్రాలు మాత్రం నావి.

దసరా వెళ్ళాక అయ్యగారికి గొంతులో గడ్డ కనిపించింది. దాన్ని తీసి, కరెంటు పెట్టారు. రేడియేషన్‌కి మావైపూ, వాళ్ళవైపూ కూడా అదే మాట. వారాల తరబడి పొద్దున్నే ఆటోలో వెళ్ళి కరెంటు పెట్టించుకుని వచ్చేవారు. చివరికి గడ్డ పోయిందన్నారు. దాంతోపాటు ఆయన తిండి కూడా పోయింది. మెత్తగా, చల్లగా, జారుడుగా ఉండేవి పెట్టండి, మీగడ దండిగా వెయ్యండి అని డాక్టరు అమ్మకి చెప్పాడు. ప్రతి గురువారం తూకం చూసేవాడు. ప్రతి గురువారం ముల్లు కిందికే దిగేది.

అమ్మ ఏం చేసి పెడుతోందో, ఆయన ఏం తింటున్నాడో నేను అడగలేదు. ఎవరికైనా జబ్బు చేస్తే నాకు నోరు పడిపోతుంది, మాట్లాడితే ఏదో కల్పించేస్తానని భయం. అందుకని మాటలకి బదులు ఏదైనా చేసి తీసుకెళ్దామనుకున్నాను.

నాకు గుర్తొచ్చింది జూబ్లీహిల్స్‌లో ఒకరింట్లో తిన్న స్వీటు. చిన్న గ్లాసులో తెల్లగా, పెరుగు కన్నా నున్నగా ఉంది. చెంచా పెడితే సిగ్గుపడ్డట్టు కదిలింది. నోట్లో పెట్టాక పాలూ మీగడా ముందు తెలిశాయి. మింగాక వెనకనుంచి నిమ్మతొక్క వాసన, దాని వెనక ఏదో ఆకు వాసన వచ్చాయి. ఆ ఇంటి వంటావిణ్ణి అడిగితే దాని పేరు పన్నకోట అనీ, పాలు, మీగడ, పంచదార వేడిచేసి, జిగురు కలిపి పేరబెట్టడమేననీ చెప్పింది.

అంత తేలికైతే నేనీ మాట రాయక్కర్లేదు. మొదటిసారి వేడిపాలల్లో నిమ్మకాయ పిండాను. ఎవరైనా ఏమవుతుందో చెప్పగలరు. పాలు విరిగి నీళ్ళు వేరయ్యాయి. అది నేనే తినేశాను. పైగా గొంతు కాలిన మనిషికి పులుపు మంట పెడుతుందన్న సంగతి అప్పుడు తట్టింది. రెండోసారి పిండకుండా తొక్క మాత్రం గీరాను. జిగురు సంగతి వచ్చేసరికి, అర్చకుడి ఇంటికి ఎముకల జిగురు తీసుకెళ్ళేంత పాపం నాలో లేదు. టోలిచౌకి వెళ్ళి చైనా గ్రాస్ కొనుక్కొచ్చాను. రంజాన్ నెలలో ఇంటింటా పాలస్వీట్లు పేరబెట్టేది దాంతోనే. అరలీటరు పాలకి పొట్లమంతా వేశాను. గ్లాసు బోర్లిస్తే దబ్బున పడి, రబ్బరు బంతిలా ఎగిరింది. గోడకేసి కొడితే తిరిగొచ్చిందని స్టూడియోలో చెప్పాను గానీ, నిజానికి కొట్టలేదు. మూడోసారి చిటికెడు పోగులే వేశాను. గ్లాసు కదిపితే కదిలింది, వంచితే ఒలకలేదు. మేడ మీదికి తీసుకెళ్ళాను.

అయ్యగారు వరండాలో పేము కుర్చీలో ఉన్నారు. మెడకి తువ్వాలు చుట్టుకున్నారు. ఆ తువ్వాలు తీస్తే మెడ ఎక్కడుందో వెతుక్కోవాలనిపించేంత సన్నబడ్డారు.

"ఏంది బిడ్డా అది?" అంది అమ్మ.

"పన్నకోటమ్మా."

"ఏం కోట?"

"పన్నకోట."

"పన్ను లేనోళ్ళు తినేదా?"

"అదే అనుకోండి. నమలక్కర్లేదు, జారిపోతుంది."

అయ్యగారు గ్లాసు అందుకున్నారు. నాకు సంతోషమేసింది. వెలుతురుకేసి పట్టుకుని, కొంచెం కుడికి కదిపారు. కొంచెం ఎడమకి కదిపారు. తర్వాత గ్లాసుని స్టూలు మీద, నాకు దగ్గరగా పెట్టేశారు.

"కదులుతున్నది," అన్నారు. గొంతు ఇసక రాసినట్టుంది.

"అవునండీ, అలా కదలాలి."

"ఏ గుర్రం?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఆవిడ పట్టు చూస్తే మర్యాద చేస్తున్నట్టు లేదు.

"నెల రోజులసంది గిదే కత. రాగిజావ పెడితే కదులుతున్నదంటడు. పెరుగు పెడితే కదులుతున్నదంటడు. నేను చేసిన పాయసం చూసి ఏ గుర్రమే అన్నడు. నీ ఆరు గుర్రాలు వచ్చి మా ఆయన నోటికి అడ్డం నిలబడ్డయి."

"అమ్మా, అది సరదాకి..."

"సరదా నీకు. వచ్చే రెండు గురువారాలు చూస్తనన్నడు డాక్టరు. తూకం ఇట్లనే దిగితే ముక్కులకెల్లి గొట్టం వేస్తడంట. గొట్టమంటే ఈయన దవాఖానకే రానంటున్నడు. దేవునికి నైవేద్యం పెట్టిన చేతులతోటి గొట్టంల పాలు పోసుకోనంటున్నడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయన మొండోడు బిడ్డా. అన్నడంటే అన్నట్టే. నువ్వే చెప్పినవ్, నువ్వే పోయి ఆ గుర్రాలను తోలు."

ముందు నేను చెయ్యాల్సింది సూటిగా ఒప్పుకోవడం. వెళ్ళి ఎదురుగా నించున్నాను.

"అయ్యగారూ, గుర్రాల సంగతి అబద్ధమండీ."

"ఏది అబద్ధం? అప్పుడు చెప్పిందా, ఇప్పుడు చెప్తున్నదా?"

"అప్పుడు చెప్పింది."

"ఎట్ల నమ్మాలె?"

ఇక్కడ కూడా ఆపొచ్చు. కానీ అబద్ధం బయటపడ్డప్పుడు నా నోరు దానంతటదే ఇంకొకటి వెతుకుతుంది. "అంటే పూర్తి అబద్ధం కాదండీ. నేనన్నది గుర్రం డెక్క కాదు, గుర్రపు డెక్క. చెరువుల నిండా అల్లుకుంటుంది చూడండి, ఆ మొక్క," అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచారు. "నాడాలు నిర్మాత దర్వాజకు కొట్టుకున్నడంటివి. చెరువుల మొక్కకు నాడాలుంటయా?"

ఆయన కన్ను మూసి, షరతులు చెప్పారు. చేసేది తమ వంటింట్లో చెయ్యాలి. స్నానం చేసి రావాలి. నా గిన్నెలు గడప దాటకూడదు. తను గుమ్మంలో కూర్చుంటాడు. ఒక్కో వస్తువూ ఆయన ముక్కు ముందునుంచి వెళ్ళాకే గిన్నెలో పడాలి.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని మేడెక్కాను. స్టేషన్‌లో వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్తున్నట్టే ఉంది. అయ్యగారు పేము కుర్చీ వంటింటి గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నారు. అమ్మ నా వెనకే నించుంది. ఆవిడ చూపు నా చేతుల మీదే.

పాలు, మీగడ, పంచదార వాళ్ళవే కాబట్టి గడిచిపోయాయి. నిమ్మకాయ దగ్గర ఆగాం.

"ఇది యాడిది? కారు చక్రం కిందిదా?"

"చెట్టుదేనండీ. వెంగళరావు నగర్‌లో నా స్నేహితురాలి పెరట్లోది."

తీసుకుని గోటితో గిల్లి వాసన చూశారు. చాలాసేపు చూశారు. "రసం వద్దు."

"వెయ్యనండీ. పైతొక్క గీరతానంతే."

"పచ్చనిదే గీకాలె. కింద తెల్లది తగిలిందంటె చేదు." తర్వాత, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు ముఖం పెట్టారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. తిననని ఒట్టు పెట్టుకున్న మనిషికి చేదైతే ఏమిటి, తీపైతే ఏమిటి.

తర్వాత ఆకు, జూబ్లీహిల్స్ వంటావిడ వేస్తానన్నది. జేబురుమాల్లో చుట్టి తెచ్చాను.

"ఇదేంది?"

"రుద్రజడ."

ముప్పై ఏళ్ళు విష్ణుమూర్తికి అర్చన చేసిన మనిషి నా వంక అలా చూస్తుంటే, పేరు చెప్పకముందు ఒకసారి ఆలోచించుకోవాల్సిందనిపించింది.

"రుద్రునిదా," అన్నారు.

"పేరే అలాగండీ."

"జడ సుత."

నా వెనక అమ్మ లేదు. ఎప్పుడు వెళ్ళిందో, పెరటివైపునుంచి అప్పుడే తిరిగొస్తోంది. "కోట కోట అంటున్నది, ఆకు జూస్తే తులసి లెక్కనే ఉన్నది. నా తులసికోట గిట్ల గిల్లిందా ఏందని చూసొచ్చిన. లేదు, అన్ని కొమ్మలున్నయి," అని ఆయనతో చెప్పి, ఆకు చేతిలోకి తీసుకుని నలిపింది. "ఇది సబ్జా చెట్టుది. ఎండకాలం మీరు నానబెట్టుకుని తాగే గింజలు దీనియే."

"మరి సబ్జా అనాలె. ఉన్న పేరు దాచి వేరే పేరు చెప్పుడు ఈమెకు అలవాటు." ఆయన ఆకుని వాసన చూసి నా చేతికిచ్చారు. "ఊఁ."

ఆఖరికి చైనా గ్రాస్ పోగులు తీశాను.

"ఇదేంది, పాత నవారా?"

"చైనా గ్రాసండీ."

"చైనాదా."

"పేరే అండీ."

"అన్నీ పేర్లే నీ దగ్గర. అసలు వస్తువు ఏంది?"

ఒక్క క్షణం నా నాలుక మీదికి నాలుగు సమాధానాలొచ్చాయి, నాలుగూ బాగున్నాయి. మింగేశాను. "సముద్రంలో పెరిగే నాచు. ఉడకబెట్టి, జిగురు తీసి, ఎండబెట్టి పోగులు చేస్తారు. ఇంతకన్నా నాకు తెలీదు."

"నాచంటె చెట్టేనా? ప్రాణమున్నది కాదు గద?"

"మొక్కేనండీ."

"నీళ్ళల్ల పెరిగే మొక్క."

"అవును."

"ఉడకబెడితె జిగురొస్తది."

"అవునండీ."

ఆయన పోగుని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత తాపీగా అన్నారు: "అంటె గుర్రపు డెక్కనే."

స్టూడియోలో ఒక్కోసారి తెరమీద మనిషి పెదాలు కదుపుతూ ఉంటుంది, నాకు కాగితం మీద మాట దొరకదు. అలా నించున్నాను.

"నిన్న నువ్వన్నది నిజమేనన్నట్టు," అన్నారాయన. "నీకు తెల్వకుంటనే ఒక నిజం చెప్పినవ్. వెయ్యి."

పోగుల్ని నానబెట్టి, కాసిని నీళ్ళల్లో పూర్తిగా కరిగేదాకా మరిగించాను. పక్క పొయ్యి మీద పాలు, మీగడ, పంచదార. పొంగు రాకముందే దించి, గీరిన తొక్క, నలిపిన ఆకులు వేసి మూత పెట్టాను. అమ్మ పలచటి బట్ట తెచ్చిచ్చింది, గొంతులో ఏదీ గీసుకోకూడదు కదా. వడకట్టి, వేడి మీదే జిగురు కలిపి, వాళ్ళ స్టీలు గ్లాసుల్లో పోశాను. అవి పేరుకునే రెండు గంటలూ ముగ్గురం ఆ గ్లాసుల్ని కాపలా కాశాం. ఎవరికి ఎవరి మీద నమ్మకం లేదో చెప్పలేను.

అయ్యగారు గ్లాసు కదిపారు. కదిలింది. నా వంక చూశారు. చెంచాడు నోట్లో పెట్టుకున్నారు. మింగలేదు. అమ్మ కొంగు పట్టుకుని నించుంది. మింగారు. మింగడానికి ఆయన మెడంతా పనిచేసింది.

"బాగున్నది," అన్నారు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొళాయి తిప్పిన చప్పుడైంది, గిన్నె కడిగిన చప్పుడు మాత్రం కాలేదు.

అయ్యగారు వేలితో నన్ను దగ్గరికి రమ్మన్నారు. వంగాను.

"గుర్రాల ముచ్చట అబద్ధమని ఆనాడే తెల్సు," అన్నారు మెల్లగా.

"మరి..."

"నాలుక సచ్చిపోయింది బిడ్డా. కరెంటు పెట్టినప్పటిసంది ఉప్పు లేదు, తీపి లేదు. ఏది పెట్టినా మన్నే. మింగితె మంట. ఇన్నేండ్లు వండిపెట్టిన చెయ్యి, దానికి నీ వంట మన్నులెక్కున్నదని ఎట్ల చెప్తం? అందుకని నీ గుర్రాన్ని అడ్డం పెట్టుకున్న. దాని కోపం నీ మీదికి పోయింది. నువ్వు తట్టుకుంటవ్."

"తట్టుకున్నానండీ," అన్నాను. "మరి ఇది?"

"ఇది గొంతు దిగంగ ముక్కులకెల్లి వాసనొస్తున్నది. నిమ్మకాయ. వెనక ఆ జడ."

మెట్లు దిగుతూ ఆలోచించాను. ఆయన చెప్పింది నా పనిలాగే ఉంది. తెరమీద నోరు కదులుతుంది, గొంతు వెనకనుంచి నాది వస్తుంది. నాలుక పడిపోతే వాసన దానికి డబ్బింగు చెప్పింది. బాగా కుదిరింది. కింది మెట్టు దగ్గరికి వచ్చేసరికి, మరీ బాగా కుదిరిందనిపించింది.

ఒక మనిషి నాడాల సంగతి తెలిసి తెలిసీ అడిగాడు. నెల రోజులు రాగిజావలో గుర్రాన్ని చూశాడు. కట్టుకున్నావిడకి కూడా అనుమానం రాలేదు. అలాంటి మనిషి ఇప్పుడు ముసలావిడ ముఖం చూసి, నా తంటాలు చూసి, వాసనొస్తోందని అంటే నేనెందుకు నమ్మాలి? మన్నే మింగుతున్నాడేమో, గుర్రం బదులు నిమ్మకాయని అడ్డం పెట్టుకున్నాడేమో. అలా బలవంతాన మింగే మనిషి ఎన్నాళ్ళు మింగుతాడు? ఒక రోజు చెంచా కింద పెట్టేస్తాడు, మళ్ళీ గొట్టం మాట వస్తుంది. గొట్టమంటే ఆయన ఆస్పత్రికే రాడు.

నాలుగు రోజులు పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు తిన్నారు. ప్రతిసారీ "బాగున్నది" అన్నారు. నాకు ఆ మాట కన్నా దాని శ్రుతి మీద అనుమానం. మనిషికి నిజంగా బాగుంటే రోజుకో రకంగా అంటాడు. ఒక రోజు గబుక్కున, ఒక రోజు సాగదీసి. ఈయనది నాలుగు రోజులూ ఒకే టేకు, మళ్ళీ మళ్ళీ వేసినట్టు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు మేడెక్కాను. అప్పటికి కాపలా సడలింది, అమ్మ కూడా వత్తులు చేసుకుంటూ కూర్చుంది. అన్నీ మామూలుగానే చేశాను, రెండు తప్ప. నిమ్మతొక్క వెయ్యలేదు. ఆకు వెయ్యలేదు. ఎలాగూ వడకడతాం కాబట్టి చూపుకి తేడా ఉండదు. తొక్కా ఆకూ వేసిన గ్లాసొకటి, ఆ పొద్దున్నే వాళ్ళ వంటింట్లోనే చేసి పేరబెట్టింది, మెట్ల కింద చల్లటి చోట మూతపెట్టి ఉంచాను.

లేచాక తెచ్చి ఇచ్చాను. చెంచా తీసుకున్నారు. కదిపి చూడలేదు, ఆ అలవాటు పోయింది. నోట్లో పెట్టుకున్నారు. మింగారు. నేను ఆయన పెదాల వంకే చూస్తున్నాను. ఇప్పుడు 'బాగున్నది' అంటే, అదే టేకులో అంటే, ఏం చెయ్యాలో నాకు తెలీదు.

ఆయన చెంచా గ్లాసులో నిలబెట్టారు.

"ఏమైంది?" అంది అమ్మ. చేతిలో వత్తి చేతిలోనే ఉంది.

"నిమ్మకాయ ఏదీ?"

"వేశానండీ," అన్నాను. ఇది మాత్రం సరదాకి కాదు, కావాలని ఆడిన అబద్ధం.

"వెయ్యలే."

"ఆకు కూడా వేశాను."

"జడ లేదు, రుద్రుడు లేడు. ఉత్త పాలు, గడ్డి." గొంతు ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది. చిరాకు పడుతున్నాడు. ఆ చిరాకు నాకు వినసొంపుగా ఉంది, అందులో నటన మచ్చుకైనా లేదు. తర్వాత ఆయన నా ముఖంలోకి చూసి, నెమ్మదిగా అన్నారు: "పరీక్ష పెట్టినవా?"

"మీరు మాకు నెల రోజులు పెట్టారు కదండీ."

"ఏం పరీక్ష?" అంది అమ్మ. ఆయన వరండా బయటికి చూశారు. నేను మెట్లవైపు చూశాను. "మీ ఇద్దరికి ఏందో ఉన్నది," అందావిడ. "ఆయన సంగతి నాకెరుకే. నువ్వేం చేసినవ్ గోదారి బిడ్డా?"

"నిమ్మకాయ మర్చిపోయానమ్మా," అని కిందికి పరిగెత్తి అసలు గ్లాసు తెచ్చాను. అయ్యగారు మొదటి చెంచా తిని ఏమీ అనలేదు. రెండో చెంచాకీ అనలేదు. గ్లాసు అడుగు చెంచాతో గీకిన చప్పుడు వినిపించాక, "రేపు తొక్క ఇంకో జర ఎక్కువెయ్యి," అన్నారు. నాకు అదొక్కటే చాలు.

గురువారం ఆస్పత్రికి ఆటోలో ముగ్గురం వెళ్ళాం. అమ్మ నన్ను రమ్మంది. నా మీద నమ్మకంతోనా, కనిపెట్టుకుని ఉండటానికా, అడగలేదు. అయ్యగారు చెప్పులు విడిచి తూకం మెషిను మీద నించున్నారు. అమ్మ ముల్లు వంక చూడలేక గోడ వంక చూసింది. నేను చూశాను. పోయిన వారం ఆగిందని అమ్మ ఆటోలో చెప్పిన గీత దగ్గర ఆగింది. తర్వాత ఒక చిన్న గీత ముందుకు జరిగి, అక్కడ నిలబడింది.

డాక్టరు రాసుకున్నాడు. గొట్టం మాట ఎత్తలేదు. కలం పట్టుకునే అడిగాడు: "బావుంది తాతగారూ. ఏం తింటున్నారు?"

"గుర్రపు డెక్క," అన్నారు అయ్యగారు.

కలం ఆగింది. డాక్టరు ఆయన ముఖం చూశాడు, అందులో ఏమీ దొరకలేదు. అమ్మ వంక చూశాడు. అమ్మ నా వంక చూసింది. నేను గోడ మీద ఉన్న ఊపిరితిత్తుల బొమ్మని, అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరన్నంత శ్రద్ధగా, చూస్తూ నించున్నాను. పక్కనుంచి చిన్న చప్పుడొచ్చింది, ఎండిన గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. తిరిగి చూశాను. అయ్యగారు నవ్వుతున్నారు.